రోమియో జూలియట్‌ల చావు కేసులో ఏ1 ఎవరు?

ప్రశ్న: లాయర్ గారూ, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ఇంగ్లీషు విభాగం వాళ్లు ‘రోమియో అండ్ జూలియట్’ నాటకం మీద మాక్ కోర్టు పెడుతున్నారు. ఆ ఇద్దరి చావుకు బాధ్యులెవరో ఇప్పటి మన చట్టాల ప్రకారం తేల్చాలట. నాకు ప్రాసిక్యూషన్ వాదన ఇచ్చారు. క్లాసులో సగం మంది సన్యాసి లారెన్స్‌ను ఏ1 చేయమంటున్నారు, మిగతా సగం జూలియట్ తండ్రి కాపులెట్‌ను చేయమంటున్నారు. ఎవరి మీద కేసు నిలుస్తుంది? నిజంగా మన ఊళ్లలో ఇలా జరిగితే పెద్దవాళ్ల మీద కేసు పెడతారా? – ఒక విద్యార్థిని, తణుకు

జవాబు: మీ క్లాసులో రెండు వర్గాలతోనూ నేను ఏకీభవించను. నన్ను ఛార్జిషీటు రాయమంటే ఏ1గా మాంటువా ఊళ్లో మందుల కొట్టు పెట్టుకున్న ఆ పేరు లేని బక్కమనిషిని పెడతాను. అది నాకు ఇష్టమై చెప్తున్న మాట కాదు. ఎందుకో మీకే తెలుస్తుంది.

ముందుగా ‘ఇద్దరి చావు’ అని ఒకటే కేసుగా చూడటం మానండి. శవ పంచనామా విడివిడిగా జరగాలి. రోమియో పోయింది తాను కొని తెచ్చుకున్న విషంతో. జూలియట్ పోయింది నిద్రలేచి, పక్కన అతని శవం చూసి, అతని బాకుతోనే. కారణాలు వేరు, సాక్ష్యాలు వేరు. కాబట్టి ముద్దాయిలు కూడా వేరు కావచ్చు.

ఇక చట్టం. ఆత్మహత్యకు ప్రేరేపించడం 2024 జూలై 1కి ముందు ఐపీసీ 306 కింద నేరం. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 108. పదేళ్ల దాకా జైలు పడుతుంది. చనిపోయినవారికి పద్దెనిమిదేళ్లు నిండకపోతే సెక్షన్ 107 వస్తుంది, అందులో ఉరిశిక్ష దాకా ఉంది. ప్రేరేపణ అంటే ఏమిటో సెక్షన్ 45లో ఉంది. చావమని ఉసిగొల్పాలి, లేదా కుట్రలో పాలు పంచుకోవాలి, లేదా కావాలని సాయం చేయాలి. ఈ మూడింట్లో ఏదీ లేకుండా ‘ఇతని వల్లే అంతా జరిగింది’ అంటే కోర్టు వినదు.

జూలియట్ మైనర్ అని రుజువు చేయడం మీకు తేలికే. నాటకం నడుస్తున్నది జూలైలో. జూలై 31 రాత్రికి పిల్లకు పద్నాలుగు నిండుతాయని దాది చెబుతుంది. అంటే చనిపోయేనాటికి నిండినవి పదమూడేళ్లే. దాది ఆ లెక్క ఎలా చెబుతుందో చూడండి: భూకంపం వచ్చి పదకొండేళ్లయింది, ఆ రోజే పిల్లకు పాలు మాన్పించాను అంటుంది. మన కృష్ణా జిల్లాలో ముసలమ్మలు దివిసీమ ఉప్పెన నాటికి పిల్లాడు చంకలో ఉన్నాడు అని వయసు చెప్పినట్టే. బడి సర్టిఫికెట్టో మునిసిపాలిటీ జనన ధ్రువపత్రమో లేదు కాబట్టి డిఫెన్స్ వాళ్లు వైద్య పరీక్ష అడుగుతారు. కానీ తండ్రే మొదటి అంకంలో, పిల్లనడగడానికి వచ్చిన పారిస్ అనే పెద్దింటి కుర్రాడితో, మా అమ్మాయికి పద్నాలుగు నిండలేదు, ఇంకో రెండు వేసవులు ఆగు అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుంటే చాలు.

ఇప్పుడు కొట్టువాడి సంగతి. రోమియో అతని దగ్గరికి వెళ్లి ఎలుకల మందు కావాలని అబద్ధం చెప్పలేదు. బతుకు విసిగినవాడు తాగితే వెంటనే పడిపోయే మందు కావాలని విడమరిచి అడిగాడు. అలాంటి సరుకు తన దగ్గర ఉందని, కానీ అమ్మితే మాంటువాలో మరణశిక్ష అని ఆ మనిషి ఒప్పుకున్నాడు. నలభై డకాట్ల బంగారం చూశాక ఇచ్చాడు. దేనికి వాడతారో తెలుసు, చట్టం ఒప్పుకోదని తెలుసు, అయినా చేతికిచ్చాడు. సెక్షన్ 45లో మూడో రకం ప్రేరేపణకు ఇంతకన్నా ఏం కావాలి?

బేరం జరిగినప్పుడు ఎవరూ చూడలేదు, కొన్నవాడు చనిపోయాడు, ఎలా రుజువు చేస్తారని ఎదుటి పక్షం అడుగుతుంది. అప్పుడు ఉత్తరం బయటికి తీయండి. రోమియో చనిపోయే ముందు తండ్రికి ఉత్తరం రాసి నౌకరు బాల్తజార్ చేతికిచ్చాడు. బీద మందులవాడి దగ్గర విషం కొన్నానని, ఈ సమాధిలో చనిపోవడానికే వచ్చానని అందులో ఉంది. కథ జరిగే వెరోనా ఊరి ప్రభువు దాన్ని అందరిముందూ చదివాడు. మన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 26 ప్రకారం అది మరణ వాంగ్మూలం. చావుకు దారితీసిన పరిస్థితుల గురించి చనిపోయినవాడు ఏం రాసినా పనికొస్తుంది. ఈ సూత్రాన్ని స్థిరపరిచింది మన వాళ్ల కేసే. 1937లో పూరీ స్టేషన్‌లో రైలు పెట్టెలో ఉక్కు ట్రంకులో ఒక శవం దొరికింది. పోయినవాడు పిఠాపురం మనిషి. బాకీ వసూలుకు బరంపురం వెళ్తున్నానని బయల్దేరే ముందు భార్యతో చెప్పాడు. ఆ మాట సాక్ష్యంగా చెల్లుతుందని 1939లో పాకాల నారాయణస్వామి కేసులో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో మన కేసుల చివరి అప్పీలు వినే లండన్ న్యాయస్థానం, తీర్పు ఇచ్చింది. లా చదివిన ప్రతివాడికీ ఆ పేరు కంఠతా వచ్చి ఉంటుంది. మాక్ కోర్టులో వాడండి, మార్కులు పడతాయి.

కొట్టు ఆనవాళ్లకూ లోటు లేదు. లోపల వేలాడే తాబేలు, గడ్డి కూరిన మొసలి, అలమరలో చెల్లాచెదురుగా ఖాళీ పెట్టెలు, ఆకుపచ్చ మట్టి కుండలు. నాటకంలో రోమియోనే వర్ణించాడు. ఊరు వేరు కదా అంటే, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయగల జీరో ఎఫ్‌ఐఆర్ ఉండనే ఉంది.

కేసు నిలుస్తుంది. నాకు ఇష్టం లేని భాగం ఇదే. ఈ కథలో కడుపుకు లేనివాడు ఆ ఒక్కడే. ఆకలికి కళ్లు గుంటలు పడ్డాయి, ఒంటి మీద చింకి గుడ్డలు. ఒప్పుకున్నది నా పేదరికం, నా మనసు కాదు అని వాడు చెప్పుకున్నాడు. క్రిమినల్ లాలో దాన్ని మోటివ్ అంటారు. ఉద్దేశం రుజువయ్యాక మోటివ్ ఎంత జాలిగొలిపేదైనా నేరం పోదు, శిక్ష దగ్గర మాత్రమే పనికొస్తుంది. శిక్ష ఖరారు చేసే ముందు ముద్దాయిని అడుగుతారు కదా, అక్కడ డిఫెన్స్ లాయరు గట్టిగా మాట్లాడాలి. ఇంటి పేర్ల కోసం ఏళ్ల తరబడి కత్తులు దూసిన రెండు కుటుంబాల పెద్దలు పిల్లలకు బంగారు విగ్రహాలు పెట్టిస్తామని చేతులు కలిపి ఇంటికి పోతారు, కొట్టువాడు రిమాండుకు పోతాడు. చట్టం చేతికి మొదట దొరికేది ఎప్పుడూ సరుకు చేతికిచ్చినవాడే. నా ప్రాక్టీసులో చూస్తున్నది కూడా ఇదే.

సన్యాసి లారెన్స్‌ను ఆత్మహత్య ప్రేరేపణలో ఇరికించాలని చూడకండి, కోర్టు కేసు కొట్టేస్తుంది. అతను పిల్లను బతికించాలనే మందు ఇచ్చాడు. చనిపోయినట్టు కనిపించేలా నలభై రెండు గంటలు నిద్రపుచ్చి, రోమియోను పిలిపించి, ఇద్దరినీ ఊరు దాటించాలని. నిర్లక్ష్యం కింద సెక్షన్ 106 పెడదామంటే 1965 నాటి సుప్రీంకోర్టు కుర్బాన్ హుస్సేన్ తీర్పు అడ్డం వస్తుంది. చావుకు ఆ నిర్లక్ష్యమే నేరుగా కారణం కావాలి, మధ్యలో మరొకరి పని అడ్డు రాకూడదు. ఇక్కడ మధ్యలో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. ఉత్తరం పట్టుకెళ్లాల్సిన సన్యాసి జాన్‌ను ప్లేగు అనుమానంతో ఒక ఇంట్లో పెట్టి తలుపులు బిగించారు. బాల్తజార్ పిల్ల పోయిందని వార్త మోశాడు. రోమియో విషం కొన్నాడు.

అయితే లారెన్స్ తప్పించుకుంటాడని కాదు. పదమూడేళ్ల పిల్లకు దొంగచాటుగా పెళ్లి చేశాడు. 2006 బాల్య వివాహ నిషేధ చట్టం సెక్షన్ 10 ప్రకారం పెళ్లి జరిపించినవాడికి రెండేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. రెండు కుటుంబాల పగ చల్లారుతుందనుకున్నాను అంటే సెక్షన్‌లో అలాంటి మినహాయింపు ఏదీ లేదు. పైగా సమాధిలో పిల్ల కళ్లు తెరిచేసరికి పక్కన రెండు శవాలు. కాపలావాళ్ల అలికిడి వినగానే ఇక నేనుండలేను అని పిల్లను అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. నాటకం మొత్తంలో నాకు కోపం తెప్పించేది ఆ ఒక్క నిమిషమే. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 75 అందుకే ఉంది. తన సంరక్షణలో ఉన్న పిల్లను మానసిక వేదన కలిగేలా వదిలేసినా నేరమే, మూడేళ్ల దాకా. నిద్రమందులో ఏం కలిపాడో ఫోరెన్సిక్ రిపోర్టు వస్తే ఇంకో సెక్షన్ కూడా తోడవ్వచ్చు. మీ ప్రాసిక్యూషన్‌లో అతనే ఏ2.

కాపులెట్ దగ్గర ప్రేక్షకుల కోపానికీ చట్టానికీ చాలా దూరం ఉంది. పారిస్‌ను చేసుకోకపోతే ఈడ్చుకెళ్తానన్నాడు, అడుక్కుతిను, ఆకలితో మాడు, వీధిలో పడి చావు అన్నాడు. ‘చావు’ అనే మాట ఉంది కదా అని మీవాళ్లు ఎగురుతుంటారు. 2002లో సంజయ్ సింగ్ సెంగార్ కేసులో సుప్రీంకోర్టు, కోపంలో ‘వెళ్లి చావు’ అన్నంత మాత్రాన ప్రేరేపణ కాదని, ఆ మాట వెనక నిజంగా చావాలన్న ఉద్దేశం ఉండాలని చెప్పింది. పైగా జూలియట్ తండ్రి తిట్లకు చావలేదు, రోమియో శవం చూసి చనిపోయింది. ప్రేరేపణకు, చావుకు మధ్య దగ్గరి లంకె ఉండాలి. ఇక్కడ లేదు. మైనర్ పిల్లకు బలవంతంగా పెళ్లి కుదిర్చినందుకు మాత్రం అదే 2006 చట్టం సెక్షన్ 11 పెట్టవచ్చు. తల్లి మీద కూడా పెట్టవచ్చు కానీ ఆ సెక్షన్ కింద ఆడవాళ్లకు జైలు లేదు, జరిమానాయే. ఆవిడ రోమియోకు విషం పెట్టించేందుకు మాంటువాకు మనిషిని పంపుతానని కూతురి ముందే అంటుంది. ఆ మాటను రికార్డులోకి తీసుకురండి. కుటుంబం ఎలాంటిదో జడ్జికి అర్థమవుతుంది.

రోమియో చేసిన రెండు హత్యలు, అంటే జూలియట్ బంధువు టైబాల్ట్‌ది, పారిస్‌ది, ఇక్కడ అనవసరం. ముద్దాయి చనిపోతే కేసు అక్కడితో ముగుస్తుంది.

అందరూ వదిలేసే మనిషి వెరోనా ప్రభువు. మీ పగలను చూసీ చూడనట్టు వదిలేశాను, నా బంధువుల్ని ఇద్దర్ని పోగొట్టుకున్నాను అని చివర్లో ఆయనే చెప్పుకున్నాడు. నడివీధిలో మొదటి గొడవ అయిన రోజే ఇళ్ల పెద్దలిద్దర్నీ పిలిచాడు. పిలిచి ఏం చేశాడు? మళ్లీ జరిగితే ప్రాణాలు తీస్తానని గదమాయించి పంపేశాడు. మన దగ్గర ఒక మామూలు ఎస్సై అయినా ఇద్దర్నీ, వాళ్ల అనుచరులతో సహా, తహసీల్దారు ముందు బైండోవర్ చేసేవాడు. నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 126, పూర్వపు సీఆర్‌పీసీ 107. ఏడాది దాకా శాంతి కాపాడతామని బాండు రాయాలి, తప్పితే సొమ్ము జప్తు. 2018లో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లింది. ఇష్టపడి పెళ్లి చేసుకునే జంటలకు ముప్పు ఉందని తెలిసీ పట్టించుకోని అధికారుల మీద శాఖాపరమైన చర్యలు తీసుకోవాలని, జిల్లాకో ప్రత్యేక సెల్ పెట్టాలని ఆదేశించింది. ప్రభువును బోనెక్కించలేరు కానీ ఆయన్ని సాక్షిగా పిలిచి ఈ ప్రశ్న అడగవచ్చు.

ఇక మీ రెండో సందేహం. పెళ్లికి ఒప్పుకోకపోవడం ఒక్కటే నేరం కాదు. 2025 జనవరిలో పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అక్కడ అబ్బాయి తల్లి పెళ్లి కాదన్నది, మా అబ్బాయి లేకుండా బతకలేకపోతే బతకనక్కర్లేదన్నట్టు అమ్మాయితో ఏదో అన్నదని ఆరోపణ. ప్రేరేపణ కాదని కేసు కొట్టేసింది. కానీ కొట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం, రోజూ వేధించడం జరిగితే కథ మారుతుంది. అమ్మాయికి పద్దెనిమిది నిండకపోతే సెక్షన్ 107 అన్నది మరిచిపోకండి. ఇద్దరూ కలిసి చనిపోదామనుకుని ఒకరు బతికితే ఆ బతికినవారి మీదే ప్రేరేపణ కేసు రావచ్చు. 2002లో హైదరాబాద్‌లో సినీనటి ప్రత్యూష చనిపోయిన కేసులో బతికి బయటపడ్డ ఆమె స్నేహితుడికి 2004లో ట్రయల్ కోర్టు ఐదేళ్లు వేసింది. 2011లో హైకోర్టు దాన్ని రెండేళ్లకు తగ్గించింది కానీ నేరం నిర్ధారణను మార్చలేదు. మిర్యాలగూడలో 2018లో ప్రేమ పెళ్లి చేసుకున్న ప్రణయ్‌కు జరిగింది మాత్రం ఈ కోవలోకి రాదు. అది డబ్బిచ్చి చేయించిన హత్య. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి జీవిత ఖైదు విధించింది.

ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవారు తమ ప్రయత్నం గురించి కేసు భయం పెట్టుకోనక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 115 వారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా చూడమంటుంది, కొత్త సంహితలో పాత 309 లేదు. మీకు తెలిసిన ఎవరైనా అలాంటి టెన్షన్‌లో ఉంటే టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయించండి, ఎప్పుడైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. వయసు నిండిన జంట అయితే పోలీసు రక్షణకు దరఖాస్తు ఇవ్వవచ్చు, వాళ్లు కదలకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు.

మాక్ కోర్టుకు సాక్షుల జాబితా రాసేటప్పుడు బాల్తజార్‌ను ఒకటో సాక్షిగా పెట్టండి, ఉత్తరం అతని ద్వారానే మార్కు చేయించాలి. సన్యాసి జాన్‌ను మాత్రం మీ వైపు నుంచి పిలవకండి. ప్లేగు సంగతి అతని నోట వస్తే లాభపడేది లారెన్సే. ఆ పని డిఫెన్స్ వాళ్లకు వదిలేయండి.