అమ్మాయి ప్రొఫెసర్ అవుతానంటోంది, పంపాలా వద్దా?

ప్రశ్న: మాది రాజోలు. మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ అవుతానంటోంది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బావమరిది, "పాఠాలు చెప్పుకోవడానికి అంత చదువెందుకు బావా" అంటున్నాడు. చదువయ్యేసరికి ముప్పై దాటుతాయని మా ఆవిడ బెంగ. ఏం చేయమంటారు?

జవాబు: మీ బావమరిది సగం ఉద్యోగాన్నే చూస్తున్నారు. మిగతా సగం పరిశోధన. ఇంతవరకూ ఎవరూ తేల్చని ప్రశ్నను పట్టుకుని ఏళ్ల తరబడి వదలకపోవడం. తోటివారికి పాఠం చక్కగా చెబుతుందన్న ఒక్క కారణంతో ఆమెను ఈ దారిలోకి పంపకండి. రెండో సగం నచ్చుతుందో లేదో ముందు చూడండి.

అందుకు దూరం వెళ్లనక్కర్లేదు, మీ వైపు రొయ్యల చెరువులున్నాయి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. నీటిలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు వేళకు తిరగకపోతే పంట పోయినట్టే. చెరువులో సెన్సర్ పెట్టి రైతు ఫోనుకు కబురు పంపడం బీటెక్ ప్రాజెక్టు. కొన్నాళ్లకు ఆ సెన్సర్‌కు పాచి పట్టి అంకెలు తప్పుతాయి. ఆక్సిజన్ నిజంగానే తగ్గిందా, సెన్సర్ అబద్ధమాడుతోందా? పక్క చెరువుల లెక్కలు, ఎండ, వాన, వేసిన మేత చూసి కంప్యూటర్ తానే తేల్చుకోగలదా? పరిశోధన ఇక్కడ మొదలవుతుంది. ఈ సంగతి మీ అమ్మాయికి చెప్పి చూడండి. భోజనం మధ్యలో లేచి కాగితం తెచ్చుకుందంటే మీకు సగం జవాబు దొరికినట్టే.

ఖర్చుకు భయపడకండి. ఎంటెక్ ప్రవేశాలకు జాతీయ స్థాయిలో జరిగే గేట్ పరీక్ష స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు ఇస్తారు. ఐఐటీల్లో పీహెచ్‌డీకి మొదటి రెండేళ్లు 37,000, ఆపైన 42,000. గేట్ మూడో సంవత్సరంలోనే రాయవచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. మార్కులు బాగుంటే కొన్ని ఐఐటీలు, బెంగళూరులోని పరిశోధన సంస్థ ఐఐఎస్సీ బీటెక్ కాగానే నేరుగా పీహెచ్‌డీలోకి తీసుకుంటాయి. అలా వెళ్తే ముప్పైలోపే పూర్తయ్యే అవకాశం ఎక్కువ. పెళ్లి సంగతి ఆమెతోనే మాట్లాడండి. పీహెచ్‌డీకి అది అడ్డం కాదు.

నేను వద్దనేది ఒకటుంది. ఎంటెక్ కాగానే ఇంటికి దగ్గరని ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో చేరిపోవడం. నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా తీసుకుంటారు, నిజమే. ఆ పై మెట్టు అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే మాత్రం పీహెచ్‌డీ ఉండి తీరాలి. చాలా చోట్ల కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ కోసం ఫైళ్లు, వేసవిలో అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగడం అయ్యాక మిగిలే సమయంలో ఆ పీహెచ్‌డీ నత్తనడక నడుస్తుంది. చివరికి డబ్బు కడితే వారంలో అచ్చేసే జర్నళ్లే దిక్కవుతాయి. అలాంటి పేపర్లు పది ఉన్నా, మంచి అంతర్జాతీయ సదస్సులో వచ్చిన ఒక్కదానికి సాటిరావు.

కాలేజీ పేరు కంటే గైడ్, అంటే పీహెచ్‌డీ చేయించే ప్రొఫెసర్ ముఖ్యం. చేరేముందు ఆ గైడ్ దగ్గర చదివినవారికి మెయిల్ రాసి అడగమనండి: పీహెచ్‌డీకి ఎన్నేళ్లు పట్టింది, పేపర్‌లో మొదటి పేరు ఎవరిది, మధ్యలో మానేసినవారు ఉన్నారా?

ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ల వేసవి ఫెలోషిప్‌కు ముందుగా దరఖాస్తు పెట్టించండి. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేసి వచ్చాక కూడా ఇదే మాట మీద ఉంటే, మీ బావమరిదికి నేనే ఫోను చేస్తాను.