కార్పస్ ఫండ్‌ని తెలుగులో ఏమనాలి?

సందేహం: మధురవాడలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి ఈ ఏడాది నేను ట్రెజరర్‌ని. కొత్తగా ఫ్లాట్ కొన్నవాళ్లు 'కార్పస్ ఫండ్ ఎందుకు కట్టాలి, అదేమిటి' అని అడుగుతున్నారు. తెలుగులో ఒక నోటీసు రాసి లిఫ్ట్ పక్కన అంటిద్దామనుకున్నాం. నేను 'మూలధనం' అని రాశాను. సెక్రటరీగారు 'శాశ్వత నిధి' అనాలన్నారు. కింద ఫ్లాట్‌లో ఉండే మాస్టారు, 'కార్పస్ అంటే శవం, ఆ మాటే వద్దు' అన్నారు. ఏది సరైనది? ట్రెజరర్‌ని తెలుగులో ఏమని రాసుకోవాలో కూడా చెప్పండి. (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

సమాధానం: ముందు మాస్టారి అనుమానం తీరుద్దాం. కార్పస్ లాటిన్ మాట. దానికి ప్రధానమైన అర్థం శరీరం. ఇంగ్లిషులో శవం అనే అర్థం దాని నుంచే పుట్టిన కార్ప్స్ అనే మరో మాటకి స్థిరపడింది. మన భాషలోనూ అచ్చంగా ఇలాంటిదే ఒకటి ఉంది. సంస్కృతంలో 'కళేబరం' అంటే ఒళ్లు. భగవద్గీతలో ఆ అర్థంలోనే వస్తుంది. పూరీ జగన్నాథుడికి 2015లో నవకళేబర ఉత్సవం జరిగినప్పుడు మన విశాఖ నుంచి ఎంతమంది రైలెక్కి వెళ్లారో! అక్కడ నవకళేబరం అంటే స్వామికి కొత్త శరీరం. తెలుగులో మాత్రం కళేబరం అనగానే రోడ్డు పక్కన పడి ఉన్న పశువే గుర్తొస్తుంది. కాబట్టి కార్పస్ అనే మాటలో అశుభం ఏమీ లేదని మాస్టారికి నిశ్చింతగా చెప్పండి. మనం పన్ను కట్టే కార్పొరేషన్ కూడా ఆ వంశంలోదే. పదిమంది కలిసి ఒకే ఒళ్లుగా ఏర్పడిన సంస్థ అని దాని భావం.

డబ్బుకి ఒళ్లేమిటి అంటారేమో. ఒక మొత్తం కూడబెట్టి, దాన్ని కదపకుండా, దాని మీద వచ్చే వడ్డీ మాత్రమే వాడుకుంటామనుకోండి. ఆ కదపని మొత్తమే కార్పస్. ఇంగ్లిషువాళ్లకి అది ఒళ్లుగా కనిపించింది. మనవాళ్లకి చెట్టుగా కనిపించింది. మూలం అంటే వేరు. అరబ్బీ నుంచి మనకి వచ్చిన 'అసలు' అనే మాటకీ మొదటి అర్థం చెట్టు వేరు అనే. అచ్చ తెలుగులో 'మొదలు' అంటే చెట్టు బోదె దగ్గరి భాగం. అప్పు పత్రాల్లో, పాత లెక్కల్లో అసలు సొమ్ముని మొదలు అనే అనేవారు. ఇక వడ్డీ ఎక్కడి నుంచి వచ్చింది? 'వృద్ధి' నుంచి. ప్రాకృతంలో అరిగి మన దగ్గర వడ్డి అయింది. వేరు, మొదలు, పెరుగుదల: చెట్టంతా ఈ మాటల్లోనే ఉంది. పండు కోసుకో, మొదలు నరక్కు అని వేరే నియమం రాసుకోనక్కర్లేదు.

'మొదలు'కి ఈ అర్థం ఇప్పుడు మరుగున పడిందంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది. 'మొదటికే మోసం వచ్చింది' అని రోజూ అంటాం. చాలామంది ఆ 'మొదటికి' అన్నదాన్ని 'ప్రారంభానికి' అనుకుంటారు. కాదు. వడ్డీ సంగతి అటుంచి, పెట్టిన సొమ్ముకే ఎసరొచ్చింది అని దాని అర్థం. మొత్తం కార్పస్ ఫండ్ నియమావళి ఆ రెండు మాటల్లో ఉంది.

ఇది నేను పుస్తకంలో చూసి చెబుతున్న మాట కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మేం ఉంటున్న అపార్ట్‌మెంట్‌లో మేడ మీది నీళ్ల ట్యాంకులు దొర్లి పక్క ఖాళీ స్థలంలో పడ్డాయి. మెట్ల దగ్గర కిటికీకి ఒక్క అద్దం మిగల్లేదు. కరెంటు లేదు. సెల్లార్‌లో కొవ్వొత్తి పెట్టుకుని మీటింగు పెట్టాం. కార్పస్‌లోంచి తీద్దామని సగం మంది, ముట్టుకోకూడదని సగం మంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, 'ఆకలేసిందని విత్తనాల బస్తా విప్పుతామా? విప్పితే మాత్రం పంటకి ముందే తిరిగి నింపాలి' అన్నారు. చివరికి డబ్బు తీశాం. రిజిస్టర్‌లో ఆయన చేతిరాతతోనే 'మొదలులోంచి తీసినది, తిరిగి వేయవలసినది' అని రాసి ఉంది. కార్పస్‌కి అంతకంటే మంచి నిర్వచనం నేనెక్కడా చదవలేదు.

ఇప్పుడు మీ మాటల సంగతి. మూలధనం తప్పు మాట కాదు గానీ, అది వ్యాపారంలో పెట్టుబడికి స్థిరపడిపోయింది. నోటీసులో చూస్తే 'మన అసోసియేషన్ ఏం వ్యాపారం పెట్టింది' అని కొత్తవాళ్లకి టెన్షన్ పట్టుకుంటుంది. శాశ్వత నిధి అర్థానికి బాగా దగ్గర. గుళ్లో శాశ్వత పూజకి ఒక్కసారి డబ్బు కడితే, దాని వడ్డీతో ఏటా మన గోత్రనామాలు చదువుతారు. సెక్రటరీగారికి ఆ పద్ధతి గుర్తొచ్చి ఉంటుంది. కానీ అపార్ట్‌మెంట్లలో రంగులకీ, లిఫ్ట్ మార్చడానికీ అప్పుడప్పుడు కార్పస్‌లోంచి తీస్తూనే ఉంటారు. అలాంటప్పుడు శాశ్వతం అని రాస్తే మాట తప్పినట్టవుతుంది. నా సలహా 'మూలనిధి'. ఇది పత్రికల్లో వాడుకలో ఉన్నదే, పలకడానికి తేలిక, నిధి అనే మాట అందరికీ తెలిసినదే. ముఖ్యమంత్రి సహాయనిధి, భవిష్యనిధి వింటూనే ఉన్నాం కదా. అలాగని ఉత్త 'నిధి' అని రాస్తే చాలదు. నెలనెలా కట్టే మెయింటెనెన్స్ డబ్బూ నిధే అవుతుంది, రెండూ కలిసిపోతాయి.

ఒకచోట మాత్రం మూలనిధి పనికిరాదు. ఈమధ్య మ్యూచువల్ ఫండ్లవాళ్లు 'రిటైర్మెంట్ కార్పస్' అంటున్నారు. అది ముట్టకుండా ఉంచే సొమ్ము కాదు, రిటైరయ్యాక నెలనెలా తీసుకుని తినే సొమ్ము. దాన్ని 'కూడబెట్టిన మొత్తం' అంటే చాలు.

నిక్షేపం అని కూడా కొందరు సూచిస్తారు. దస్తావేజుల్లో 'నిధి నిక్షేప జల తరు పాషాణ' అని వరసగా చదువుతుంటే చెవికి ఎంత బాగుంటుందో. కానీ అక్కడ నిక్షేపం భూమిలో దాచిన సొమ్ము. పైగా ఇప్పుడు 'నిక్షేపంగా ఉన్నాడు' అంటే ఏ లోటూ లేకుండా ఉన్నాడని అర్థం. నోటీసుకి వద్దు.

నోటీసు ఇలా రాయండి: 'ఫ్లాట్ కొన్నవారు ఒక్కసారి మాత్రమే మూలనిధికి, అంటే కార్పస్ ఫండ్‌కి, డబ్బు చెల్లించాలి. ఈ సొమ్ము బ్యాంకులో ఉంటుంది. దీని వడ్డీని అసోసియేషన్ ఖర్చులకి వాడతాం. పెద్ద మరమ్మతుల కోసం అసలులోంచి తీయవలసి వస్తే సర్వసభ్య సమావేశంలో అడిగి తీస్తాం.' చివరి వాక్యం మీ అసోసియేషన్ నియమాలకి తగ్గట్టు మార్చుకోండి. కార్పస్ ఫండ్ అనే మాట మాత్రం తీసేయకండి. బ్యాంకు కాగితాల మీద అదే ఉంటుంది, రెండూ పక్కపక్కన కనిపిస్తేనే కొత్త మాట నోటికి అలవాటవుతుంది.

ఇక ట్రెజరర్‌కి 'కోశాధికారి' చక్కటి మాట. కోశం అంటే బొక్కసం. నిఘంటువునీ కోశమనే అంటాం, శబ్దాలు దాచిన బొక్కసం కనుక. ఇంగ్లిషులోనూ ట్రెజరీ, పదకోశమైన థిసారస్ రెండూ ఒకే గ్రీకు మాట నుంచి వచ్చాయి. కార్పస్ సంగతీ అంతే, భాషా పరిశోధకులు పోగుచేసుకున్న రాతల రాశినీ కార్పస్ అనే అంటారు. మీరు డబ్బుకి కాపలా, మేము మాటలకి. నోటీసు కింద 'కోశాధికారి' అని రాసి సంతకం పెట్టండి.