డీజే సెట్‌కి మూడు లక్షల అప్పు: చేయనివ్వాలా, వద్దా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అబ్బాయి బీకాం రెండో సంవత్సరం. స్నేహితులతో కలిసి పెళ్లిళ్లకు డీజేగా వెళ్తున్నాడు. ఇప్పుడు మూడు లక్షలు అప్పు చేసి సొంత సెట్ కొంటానంటున్నాడు. చదువు ఏమవుతుందోనని మాకు టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అప్పు వద్దని గట్టిగా చెప్పండి. డీజే మానేయమని మాత్రం అనకండి.

మీ ఊళ్లో ఒక వీధిలో తెలుగు పెళ్లి, పక్క వీధిలో ఒడియా పెళ్లి. కాస్త దూరం వెళ్తే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఊరేగింపులో ఒకరు సంబల్‌పురి పాట అడుగుతారు, ఇంకొకరు శ్రీకాకుళం జానపదం కావాలంటారు. రెండు రకాల పాటలూ తెలిసి, ఎప్పుడు ఆపాలో కూడా తెలిసిన కుర్రాడికి అక్కడ పని దొరుకుతుంది. జీలకర్ర బెల్లం వేళ గట్టిమేళం మోగాలి. ఆ క్షణంలో బేస్ దడదడలాడితే ఆ ఇంటి పెద్దలు మళ్లీ పిలవరు. మీ అబ్బాయి అమ్ముకోవలసింది ఈ తెలివినే. బాక్సులు అద్దెకు ఎక్కడైనా దొరుకుతాయి.

అందుకే కంట్రోలర్ (పాటలు కలిపి, మార్చి వాయించే పరికరం), ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్స్, ఒక మంచి మైకు సొంతంగా ఉంటే చాలు. బాక్సులు, ఆంప్లిఫయర్లు, లైట్లు, జనరేటర్ అద్దెకు తేవాలి. ఆషాఢంలో, పుష్యంలో, మూఢం రోజుల్లో పెళ్లిళ్లుండవు. కొన్న బాక్సులు మూల కూర్చుంటాయి, ఈఎంఐ కూర్చోదు.

ఒక పెళ్లికి 12 వేలు ఒప్పుకున్నాడనుకుందాం. సౌండు అద్దె 5 వేలు, వ్యాన్ 1,500, ఇద్దరు కుర్రాళ్లకు 1,600 పోతే మిగిలేది 3,900. చేతికొచ్చిన 12 వేలే కళ్లకు కనిపిస్తాయి, గొడవంతా అక్కడే. బీకాం చదువుతున్నాడు కదా, ప్రతి పెళ్లికీ ఈ లెక్క రాయమనండి. సగం అడ్వాన్సు తీసుకోవాలి. ఎన్ని గంటలకు ఆపాలి, డీజిల్ ఎవరిది, అదనపు గంటకు ఎంత అన్నవి వాట్సాప్‌లోనైనా ముందే రాయించుకోవాలి. పరీక్షల నెలలో బుకింగులు తీసుకోకూడదు, ఇందులో బేరం లేదు.

టైమింగ్ సంగతి మరీ ముఖ్యం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా, పండగల్లాంటి సందర్భాల్లో అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. మామూలు రోజుల్లో పగటిపూట పెట్టడానికి కూడా రాతపూర్వక అనుమతి కావాలి. మగపెళ్లివారి ఊరేగింపు బయల్దేరేదే ఆలస్యంగా. ‘ఇంకొక్క పాట’ అని అందరూ బతిమాలతారు. పోలీసులు వస్తే సీజయ్యేది డీజే సెట్టే. అది అప్పు మీద కొన్నదైతే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు.

పాటల హక్కుల భయం పెళ్లిళ్లకు అక్కర్లేదు. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ పెళ్లి ఊరేగింపునూ, పెళ్లికి సంబంధించిన వేడుకలనూ మినహాయించింది. హోటల్లో న్యూ ఇయర్ పార్టీ అయితే లైసెన్సు కావాలి, అది ఎవరు తీసుకుంటారో నిర్వాహకులతో ముందే తేల్చుకోవాలి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు, ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరికీ డబ్బులివ్వకండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటేవరకు జీఎస్టీ అక్కర్లేదు. ఒక సీజన్ లెక్కలు చూశాక కంట్రోలర్‌కి డబ్బు తక్కువైతే బ్యాంకులో ముద్రా శిశు రుణం (చిన్న వ్యాపారాలకిచ్చే అప్పు) అడగవచ్చు. అది 50 వేల వరకు, తాకట్టు లేకుండా ఇస్తారు. పెద్ద సెట్ మాట డిగ్రీ పట్టా చేతికొచ్చాకే.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెప్పాలి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలకు మించి వినకూడదంటారు. 100 డెసిబెల్స్ అయితే పావుగంటే. బాక్సుల పక్కన రాత్రంతా నిలబడే కుర్రాడికి చెవులే పెట్టుబడి. వచ్చే పెళ్లిలోపే ఇయర్‌ప్లగ్స్ కొనిపెట్టండి, సహాయానికి వచ్చే కుర్రాళ్లకు కూడా.