డ్రైవ్-ఇన్ థియేటర్‌లో సినిమా చూడటం ఎలా ఉంటుంది?

అమెరికాలో తొలిసారి డ్రైవ్-ఇన్‌కు, అంటే కారులోనే కూర్చొని ఆరుబయట పెద్ద తెరపై సినిమా చూసే థియేటర్‌కు, వెళ్లేవారు ముందుగా గ్రహించవలసినది, చీకటి పడితే తప్ప తెరపై బొమ్మ కనబడదు కనుక, వేసవిలో ఆట మొదలయ్యేసరికి రాత్రి తొమ్మిది దాటవచ్చుననే సంగతి. చాలాచోట్ల ఒకే టికెట్‌పై రెండు సినిమాలు వేస్తారు. పిల్లలు రెండోదాని వరకు మేలుకొని ఉండటం అరుదు.

1933 జూన్ 6న న్యూజెర్సీలోని క్యామ్డెన్ సమీపంలో రిచర్డ్ హాలింగ్స్‌హెడ్ ఇటువంటి తొలి థియేటర్‌ను తెరిచాడు. ముందున్న కారు వెనుకవారికి అడ్డు రాకుండా నేలను వరుసలుగా గట్లు కట్టి, ముందు చక్రాలు ఎత్తు మీద నిలిచేలా చేయడమే ఆయన పథకంలోని అసలు కిటుకు.

అప్పట్లో తెర వద్ద అమర్చిన లౌడ్‌స్పీకర్ల నుండి, ఆ తరువాత కిటికీ అద్దానికి తగిలించే చిన్న స్పీకర్ల నుండి వచ్చిన శబ్దం ఇప్పుడు ఎక్కువగా కారులోని ఎఫ్‌ఎం రేడియోలోనే వినిపిస్తుంది. ఇంజిన్ ఆపి గంటల తరబడి రేడియో వింటే బ్యాటరీ దిగిపోయే ప్రమాదం ఉన్నందున, విడిగా ఒక చిన్న రేడియో వెంట తీసుకువెళ్లడం మంచిది. పెద్ద బండ్లవారు వెనుక భాగాన్ని తెరవైపు తిప్పి, డిక్కీలో దుప్పట్లు పరుచుకొని కూర్చుంటారు. పైకి లేచిన డిక్కీ తలుపు వెనుకవారికి అడ్డమైతే దానిని తాడుతో కిందికి కట్టవలసి ఉంటుంది.

బొమ్మ స్పష్టత విషయంలో మల్టీప్లెక్స్‌దే పైచేయి. అయితే పక్కవారికి ఇబ్బంది లేకుండా మాట్లాడుకునే వెసులుబాటు అక్కడ దొరకదు.