పొగ తగ్గితే సరిపోదా? (పాఠకుల ప్రశ్నలకి జవాబులు)

ప్రశ్న: సార్, బయోడీజిల్ పోస్తే పొగ తగ్గుతుందంటారు కదా, మరి సైలెన్సర్ దారిలో పొగలోని చెడ్డ గ్యాసుల్ని మార్చే ఆ క్యాటలిస్ట్ ఇంకా ఎందుకు? అది పనిచేస్తోందో లేదో ఎలా టెస్ట్ చేస్తారు, ఇంజిన్‌కి బిగించి చూడటమేనా?

జవాబు: పొగ తగ్గే మాట నిజమేనండీ. బయోడీజిల్ బరువులో 10-11 శాతం దాకా ఆక్సిజనే, అందుకే మసీ, కార్బన్ మోనాక్సైడూ తగ్గుతాయి, కానీ నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గవు సరికదా చాలా ఇంజిన్లలో కాస్త పెరుగుతాయి కూడా. అవి నల్లగా కనపడవు కాబట్టి గొట్టం వైపు చూసి బాగుందనేస్తే కుదరదు.

ఇక టెస్ట్ సంగతి. మొదటే ఇంజిన్ దాకా వెళ్లరు. క్యాటలిస్ట్ అంటే తేనెపట్టులా సన్నటి కన్నాలున్న సిరామిక్ దిమ్మ, లోపలి గోడలకి ప్లాటినం, పల్లాడియం పూత. అందులోంచి చిన్న ముక్క కోసి క్వార్ట్జ్ గొట్టంలో పెట్టి, సిలిండర్లలోని గ్యాసులు కలిపి దొంగ పొగ తయారుచేసి దాని గుండా పంపుతూ ఫర్నేస్ వేడి మెల్లిగా పెంచుతారు. స్క్రీన్ మీద మోనాక్సైడ్ గీత ఎంతసేపటికీ కదలదు, చూసేవాళ్లకి ఆవలింతలొస్తాయి, ఆ తర్వాత ఒక్కసారిగా జారిపోతుంది. సగం గ్యాసు మారిపోయే వేడిని లైట్-ఆఫ్ టెంపరేచర్ అంటారు, డీజిల్ వాటికి 200 డిగ్రీలకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ట్రాఫిక్‌లో ఆగి ఉన్న బండి పొగ అంత వేడే ఎక్కదు, అదే తలనొప్పి.

అయితే కొత్త ముక్క పాసైతే గొప్పేం లేదండీ, కొత్తది ఏదైనా పాసవుతుంది! దాన్ని ఆవిరి కలిపిన వేడిగాలిలో 700-800 డిగ్రీల దగ్గర గంటల తరబడి మగ్గబెట్టి, ముసలిదాన్ని చేసి మళ్లీ అదే టెస్ట్ పెడతారు. బయోడీజిల్‌కి ఇంకో పరీక్ష ఉంది. నూనెని బయోడీజిల్‌గా మార్చేటప్పుడు వాడిన సోడియం, పొటాషియం అందులో కొంచెం మిగిలిపోతాయి, యూరప్ ప్రమాణం ప్రకారం రెండూ కలిపి కిలోకి 5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతేనా అనిపిస్తుంది గానీ లక్షల కిలోమీటర్లు తిరిగాక అదంతా బూడిదై పేరుకుంటుంది, నైట్రోజన్ ఆక్సైడ్లని అమ్మోనియాతో విడగొట్టే ఇంకో క్యాటలిస్ట్ కూడా డీజిల్ బండిలో ఉంటుంది, అందులో అమ్మోనియాని పట్టి ఉంచే చోట్లలో సోడియం తిష్ట వేస్తే అది నీరసించిపోతుంది. అన్నేళ్లు ఎవరాగుతారు, అందుకని కావాలనే సోడియం ఎక్కువ కలిపిన ఇంధనంతో ఇంజిన్ నడిపి త్వరగా పాడుచేసి చూస్తారు. నన్నడిగితే అసలు మార్కులు ఈ పరీక్షకే.

ప్రశ్న: పెట్రోల్ కారు క్యాటలిస్టే డీజిల్‌కి పెట్టేయొచ్చుగా?

జవాబు: పెట్టినా మోనాక్సైడ్, కాలకుండా మిగిలిన ఇంధనం వరకే పని చేస్తుందండీ. డీజిల్ పొగలో ఆక్సిజన్ బోలెడు మిగిలి ఉంటుంది, దాంతో నైట్రోజన్ ఆక్సైడ్లని విడగొట్టడం ఆ క్యాటలిస్ట్ వల్ల కాదు. అందుకే వేరే ట్యాంకులో 32.5 శాతం యూరియా ద్రావణం పోసేది, అది వేడికి అమ్మోనియాగా మారి, ఇందాక చెప్పిన రెండో క్యాటలిస్ట్‌లో ఆ పని చేస్తుంది. పొలంలో చల్లే యూరియా నీళ్లలో కలిపి పోస్తే సరిపోదా అని మాత్రం అడక్కండి, అందులోని మలినాలకి మొత్తం పాడైపోతుంది.