యాప్‌లో అన్నీ గ్రీన్‌లోనే ఉన్నాయి, మరి ఎనిమోన్ ఎందుకు ముడుచుకుంది?

ప్రశ్న: మాది విశాఖపట్నం. ఎనిమిది నెలల నాటి మెరైన్ (ఉప్పునీటి) ట్యాంకులో నాలుగు రోజుల కిందట బబుల్ టిప్ ఎనిమోన్ (రాయికి అంటుకుని పువ్వులా కనిపించే సముద్ర జీవి) వేశాను. పగలు విచ్చుకుంటుంది, రాత్రికి ముడుచుకుపోతుంది. నిన్న రాయి దిగి అద్దం ఎక్కింది. వైఫై కంట్రోలర్ యాప్‌లో టెంపరేచర్ 26 అని, గ్రీన్‌లోనే ఉంది. యాప్ తప్పు చూపిస్తోందా?

జవాబు: చూపించవచ్చు. ముందు ప్రోబ్ (టెంపరేచర్ కొలిచే సెన్సర్) ఎక్కడుందో చూడండి. మా ఇంట్లో ఒకసారి దాని సక్షన్ కప్ ఊడి, ప్రోబ్ ట్యాంకు వెనక గాల్లో వేలాడింది. ఏసీ గది 26 డిగ్రీలు, యాప్‌లోనూ 26. నీళ్లు చల్లబరిచే చిల్లర్ ఆన్ కాలేదు. మామూలు గాజు థర్మామీటర్ పెట్టి చూస్తే నీళ్లు 30! అప్పటి నుంచి యాప్ పక్కన ఆ థర్మామీటర్ కూడా ఉంటోంది.

ఇక ఎనిమోన్ సంగతి. రాత్రి ముడుచుకోవడం ఒక్కటే అయితే కంగారు పడకండి. లోపలి నీళ్లూ వ్యర్థాలూ వదిలేసి కొన్ని గంటల్లో మళ్లీ ఉబ్బుతుంది. కొత్త చోట నడవడం కూడా మామూలే, దానికి నచ్చిన వెలుగు, నీటి ప్రవాహం వెతుక్కుంటుంది. టెన్షన్ పడాల్సింది నోరు తెరుచుకుని లోపలి భాగం బయటికి వేలాడుతుంటే, రోజంతా చితికిన సంచిలా ఉంటే, టెంటకిల్స్‌కి (వేళ్లలాంటి తీగలకి) ఆహారం తగిలినా అంటుకోకపోతే. పాత ఫోన్ ఒకటి స్టాండుకి పెట్టి టైమ్‌ల్యాప్స్ తీయండి. ఎన్ని గంటలు ముడుచుకుందో, ఎటు నడిచిందో తెల్లారేసరికి మీ చేతిలో ఉంటుంది.

రంగు మాత్రం ఫోన్ ఫొటోలో చూసి తేల్చకండి. నీలం ఎల్‌ఈడీ కింద కెమెరా వైట్ బ్యాలెన్స్ తారుమారవుతుంది. లైటులోని తెల్ల ఎల్‌ఈడీలు మాత్రం రెండు నిమిషాలు తక్కువ వెలుగులో వేసి కంటితో చూడండి. పాలిపోయి తెల్లగా ఉంటే బ్లీచ్ అయినట్టే, అంటే దానికి తిండి తయారుచేసే లోపలి నాచు వెళ్లిపోయింది.

నా అనుమానం మీ లైటు మీదే. షాపు ట్యాంకులో మసక దీపం కింద ఉన్న జీవిని ఒక్కసారిగా 100 శాతం వెలుగులో పెడితే తట్టుకోలేదు. లైటు యాప్‌లో అక్లిమేషన్ మోడ్ (వెలుగు మెల్లగా పెంచే సెట్టింగ్) ఉంటే 30, 40 శాతంతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచుకుంటూ పోండి. లేకపోతే మూడు రోజులకోసారి చేత్తో పెంచండి.

అమోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. ఉప్పు, సాపేక్ష సాంద్రత (స్పెసిఫిక్ గ్రావిటీ) లెక్కలో, 1.025-1.026. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్ల ఉప్పు) ద్రావణంతో సరిచేసుకోకపోతే ఆ అంకెకు విలువ లేదు. ఆవిరైన నీళ్లకు బదులు ఆర్‌వో నీళ్లే పోయండి, ఉప్పు ఆవిరి కాదు కదా. చేపల మందుల్లో రాగి ఉంటే దగ్గరికి రానివ్వకండి.

అన్నిటికంటే ముందు ఈ రాత్రే వేవ్‌మేకర్‌కి (నీళ్లను కదిలించే ఫ్యాన్ పంపుకి) స్పాంజి గార్డు తొడగండి. నడిచే ఎనిమోన్ అందులో పడితే ముక్కలైపోతుంది, నీళ్లు కూడా పాడవుతాయి. తిండి పెట్టడం కొన్నాళ్లు ఆపేయండి, అది కుదురుకుని గట్టిగా పట్టుకున్నాక రొయ్య చిన్న ముక్క ఇవ్వొచ్చు. చేత్తో పీకి మళ్లీ రాయి మీద పెట్టాలని చూడకండి. పాదం చిరిగితే కోలుకోవడం కష్టం.

కరిగిపోతూ కుళ్లిన వాసన వస్తే ఇక ఆలోచించకండి. వెంటనే బయటికి తీసి, 20-30 శాతం నీళ్లు మార్చి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ వేయండి. ఆలస్యమైతే చేపలూ పోతాయి.

ప్రశ్న: ఫొటో పెడితే రోగం చెప్పే ఏఐ యాప్ ఏదైనా ఉందా?

జవాబు: నీలం వెలుగులో తీసిన ఫొటో చూసి అది ఎంత ధీమాగా చెప్పినా నేను నమ్మను. నీళ్లు పరీక్షించే టెస్ట్ కిట్ కొనండి.