ఆ మాట మీకెలా తెలుసు?
(పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు)

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా చర్చి సంఘంలో కోత పండుగకు కానుకగా వచ్చిన పంటల వేలంపాట డబ్బులో 18,000 రూపాయలు లెక్క తేలలేదు. కోశాధికారిగారు వాడేసుకున్నారని ఒకరు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. ఆయన బీదవారు, వదిలేద్దామని కొందరు, ఈ ఆదివారమే పదవి నుంచి తీసేయాలని ఎక్కువమంది అంటున్నారు. సంఘ పెద్దగా నేనేం చేయాలి?
— ఒక సహోదరుడు, గాజువాక

జవాబు: అన్నా, మీ ఉత్తరంలోనే రెండు మాటలున్నాయి. "లెక్క తేలలేదు" అన్నది మీకు తెలిసిన సంగతి. "వాడేసుకున్నారు" అన్నది తీర్పు. ఈ రెండూ కలిసిపోయిన చోటే అన్యాయం మొదలవుతుంది. ముందు ఆ మెసేజ్ పెట్టినవారికి ఫోన్ చేసి తీయించండి. "లెక్క చూస్తున్నాం, తేలేవరకు ఎవరూ దీని గురించి రాయవద్దు" అని గ్రూపులో ఒక్క ముక్క పెట్టండి.

తర్వాత ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టండి. వాళ్లు కోశాధికారిగారికీ, నింద వేసినవారికీ బంధువులు కాకూడదు. నింద వేసినవారు సాక్ష్యం చెప్పవచ్చు గానీ తీర్పు చెప్పేవాళ్లలో ఉండకూడదు. పాట రాసిన పుస్తకం, రసీదు బుక్కుల్లో మిగిలిన సగాలు, బ్యాంకు పాస్‌బుక్ తెప్పించి ఒక కాగితం మీద మూడు గడులు గీయండి: పాడినది, ఇచ్చినది, బ్యాంకులో పడినది. వేలంపాట లెక్కలు చాలాసార్లు మొదటి రెండు గడుల మధ్యే తప్పుతాయి. గుమ్మడికాయ 2,000కు పాడినవారు "జీతం రాగానే ఇస్తా" అని వెళ్లిపోతారు, పుస్తకంలో మాత్రం వచ్చినట్టే ఉంటుంది. ఫోన్‌పేలో పంపినవాళ్లు ఏ నంబరుకు పంపారో కూడా అడగండి. సంఘం ఖాతాకు కాక ఎవరో ఒకరి సొంత నంబరుకు పోయి ఉండవచ్చు.

ఆ కాగితం కోశాధికారిగారి చేతికిచ్చి కనీసం వారం గడువివ్వండి. ఆయన చెప్పేది ఆయన ఎదుటే రాసుకోండి. మొదట మాట్లాడినవాడిదే న్యాయంలా కనిపిస్తుందనీ, ఎదుటివాడు వచ్చాక అసలు సంగతి తేటపడుతుందనీ సామెతలు 18:17 చెబుతోంది. పెద్ద మీద దోషారోపణ ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే అంగీకరించవద్దని పౌలు తిమోతికి రాశాడు (1 తిమోతి 5:19).

ఇక బీదవారని వదిలేయడం గురించి. ఇది జాలిగా కనిపిస్తుంది కాబట్టే గట్టిగా చెబుతున్నాం: వద్దు. బీదవాడి వ్యాజ్యెంలో పక్షపాతం చూపవద్దని నిర్గమకాండము 23:3లో ఉంది. దానికి ముందు వచనమే, ఎక్కువమంది అటున్నారని న్యాయం తిప్పేయవద్దంటోంది. మీ సంఘంలోని రెండు వర్గాలకూ జవాబు అక్కడే ఉంది. విచారించకుండా వదిలేస్తే, తప్పు చేయని మనిషి జన్మంతా దొంగగా మిగిలిపోతారు. నిజంగా తీసుకుని ఉంటే నెలకింత అని తిరిగి కట్టే ఏర్పాటు రాయించుకోండి, లెక్కల బాధ్యత మరొకరికి ఇవ్వండి. ఇంట్లో ఇబ్బంది ఉంటే సహాయనిధి నుంచి బాహాటంగా ఇవ్వండి. నింద తప్పని తేలితే ఆ మాట ఏ గ్రూపులో వచ్చిందో అక్కడే, వేసినవారి చేతే, పేరు పెట్టి దిద్దించాలి. చాటుగా క్షమాపణ అడిగితే సరిపోదు.

ప్రశ్న: మా వీధి అబ్బాయి ఎలాంటివాడని పెందుర్తి నుంచి పెళ్లికూతురివాళ్లు ఫోన్ చేశారు. తాగుతాడని విన్నాను, చూడలేదు. ఏం చెప్పమంటారు?
— ఒక సహోదరి, మధురవాడ

జవాబు: విన్నది చెప్పవద్దమ్మా. అలాగని "బంగారంలాంటి అబ్బాయి" అనీ చెప్పవద్దు, అదీ మీకు తెలియని సంగతే. "ఆ విషయం నాకు తెలియదు, అతనితో పనిచేసేవాళ్లను ఇద్దరిని అడగండి" అనండి. కళ్లారా చూసి ఉంటే మాత్రం అడిగినప్పుడు దాచకూడదు. ఎప్పుడు, ఎన్నిసార్లు చూశారో అంతవరకే చెప్పాలి. "రెండుసార్లు తూలుతూ రావడం చూశాను" అన్నది సాక్ష్యం, "తాగుబోతు" అన్నది తీర్పు. ప్రార్థన చేయమని ఎవరైనా మీతో చెప్పుకున్న రహస్యమైతే మీరు బయటపెట్టవద్దు. "పెళ్లికి ముందే వాళ్లతో నువ్వే చెప్పు బాబూ" అని ఆ అబ్బాయిని ఒప్పించండి.

ప్రశ్న: హార్బర్ నుంచి చేపలు తెచ్చి అమ్ముతాను. అందరూ గిన్నెతో సహా తూస్తారు. నేనొక్కదాన్నే మానేస్తే గిట్టదు. ఇదీ పాపమేనా?
— ఒక సహోదరి, పూర్ణా మార్కెట్

జవాబు: పాపమేనమ్మా. సంచిలో హెచ్చుతగ్గు రాళ్లు పెట్టుకోవద్దన్న ఆజ్ఞ (ద్వితీయోపదేశకాండము 25:13) సరిగ్గా దీని గురించే. గిన్నె 40 గ్రాములుంటే, కిలో 500 చేపకు మీరు 20 రూపాయలు ఊరికే తీసుకున్నట్టు. గిట్టుబాటు కాకపోతే ధర 520 అని పైకే చెప్పండి. దాదాపు అదే డబ్బు వస్తుంది, కొనేవారికి తెలిసి వస్తుంది.

ఖాళీ గిన్నె కాటా మీద పెట్టి టేర్ బటన్ నొక్కండి, సున్నా చూపించాలి. ఐస్ తీసి, నీళ్లు ఓడ్చి, అప్పుడు చేప వేయండి. రోజూ పొద్దున్నే ముద్ర ఉన్న కిలో రాయి పెట్టి కాటా సరిచూసుకోండి. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి వేయించాలి. శుభ్రం చేయకముందు తూస్తారో, చేశాక తూస్తారో బేరం కుదరకముందే చెప్పండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర బోట్ల వేట నిషేధం, 61 రోజులు. అప్పుడు వేరే రాష్ట్రం నుంచి ఐసులో వచ్చిన చేపను "ఇవాళే మన హార్బర్‌లో దిగింది" అనవద్దు. "బయటి నుంచి వచ్చింది, ఐసు చేప, అందుకే ఈ ధర" అనండి.